గుమ్మి, పాతర, పొయ్యి మీది పొగ: మన గూడేల తిండి నిల్వ చరిత్ర

మన చరిత్ర అనగానే సిర్పూర్ కోట, ఉట్నూర్ కోట, జోడేఘాట్, ఇంద్రవెల్లి గుర్తుకొస్తాయి. గుర్తుకు రావలసిందే. కానీ ఆ కోటలు కట్టినవాళ్లు, జోడేఘాట్ గుట్టల మీద నిలబడి కొట్లాడినవాళ్లు వానకాలం నాలుగు నెలలు ఏం తిన్నారు, దాన్ని ఎక్కడ దాచుకున్నారు అన్న సంగతి మన సావనీర్లలో ఎక్కడా కనబడదు. దాచుకోవడం ఆడవాళ్ల పని కావడం వల్ల రాయలేదేమో. కుండలు, చాటలు, ఉట్టులు చరిత్ర కిందికి రావని అనుకున్నారేమో. ఈ వ్యాసంలో మనం ఆ కుండల గురించే మాట్లాడుకుందాం. పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలోనూ, గోదావరి దాటితే వచ్చే పూర్వపు కరీంనగర్ జిల్లాలోనూ గోండులు, కోలాములు, నాయకపోడులు, తోటీలు, పర్ధాన్లు కరెంటు అన్నమాటే వినని రోజుల్లో ఏడాది పొడుగునా కడుపు నింపుకునే ఏర్పాటు ఎలా చేసుకున్నారు, ఆ ఏర్పాటు ఎలా చెదిరింది అన్నది ఇక్కడి విషయం.

ముందు ఫ్రిజ్ సంగతి. మన దేశంలో ఫ్రిజ్‌ల తయారీని గోద్రెజ్ కంపెనీ 1958లో మొదలుపెట్టింది. అంటే మన దేశంలో ఈ పెట్టె వయసు డెబ్బై ఏళ్లకు లోపే. మన గూడేలలో చాలా ఇళ్లకు అది ఈ పదిహేనేళ్లలో వచ్చింది, కొన్నిటికి ఇంకా రాలేదు. ఇందులో ఒక విచిత్రం ఉంది. కరీంనగర్ జిల్లా రామగుండంలో ఎన్‌టీపీసీ మొదటి యూనిట్ 1983లో కరెంటు ఇవ్వడం మొదలుపెట్టింది. సింగరేణి బొగ్గు మనది, గోదావరి నీళ్లు మనవి, పెద్ద తీగలు పోయేది మన అడవుల మీదుగా. అయినా ఆషాఢంలో ఒక చెట్టు కొమ్మ విరిగి పడితే గుట్టల మీది గూడేనికి రెండు రోజులు, మూడు రోజులు కరెంటు ఉండదు. ఫ్రిజ్ ఉన్న ఇంట్లో కూడా ఆ మూడు రోజులు ఫ్రిజ్ లేనట్టే. కాబట్టి ఈ చరిత్రను పాత ముచ్చట అనుకోవడానికి వీలులేదు.

మన పెద్దల లెక్కలో నిల్వ అనేది ఇంట్లో మొదలు కాదు, చేనులో మొదలవుతుంది. ఒకే చేనులో ఒకే పంట వేయడం వాళ్లకు తెలియదు. తేలిక నేలల్లో వానకాలం సామ, కొర్ర, నువ్వు, మినుము వేసేవాళ్లు. జొన్న సాళ్ల మధ్య కంది పెట్టేవాళ్లు. నల్లరేగడిలో యాసంగి జొన్న. సామ తొందరగా కోతకు వస్తుంది. నిరుటి జొన్నలు అయిపోయి ఇంట్లో ఆకలి మొదలయ్యే భాద్రపదం, ఆశ్వయుజం నాటికి మొదటి గింజ చేతికందేది సామ నుంచే. తర్వాత మినుము, ఆ తర్వాత జొన్న, చివరికి ఎండాకాలం ముందర కంది. ఒక్కో పంట ఒక్కో నెలలో వస్తుంది కాబట్టి అన్నిటినీ ఒకేసారి దాచాల్సిన బరువు ఉండదు. అడవి గడ్డలు మట్టిలోనే ఉంటాయి, కావలసిన రోజున తవ్వుకోవచ్చు. గుమ్మడికాయలు ఇంటి కప్పు మీదనే నెలల తరబడి నిలిచి ఉంటాయి. భూమి, చెట్టు, కప్పు మూడూ అరలే.

ఇంటికి వచ్చిన గింజకు గుమ్మి. వెదురు బద్దలతో మనిషి ఎత్తు అల్లి, లోపలా బయటా పేడ, మట్టి కలిపి పూసి, నేలకు తగలకుండా రాళ్ల మీదనో మొద్దుల మీదనో నిలబెడతారు. నేల తడి పైకి రాదు, ఎలుక కింద నుంచి తొలవలేదు. గింజను కల్లంలో ఎండబెట్టి, కొరికి చూసి, పళ్ల కింద టక్కుమని విరిగితేనే గుమ్మిలో పోస్తారు. మెత్తగా నలిగితే మళ్లీ ఎండకే. తేమ కొలిచే మిషన్ మార్కెట్ యార్డులోకి రాకముందు ఆ పంటి పరీక్షే మిషన్. గింజల మధ్య వేపాకు, పైన బూడిద. కందులకైతే ఎర్రమట్టి నీళ్లలో కలిపి పట్టించి ఎండబెట్టేవాళ్లు. మట్టి పూత ఉన్న పప్పుకు పురుగు గుడ్లు పెట్టలేదు. ఇప్పటికీ అంగడిలో ఎర్రమట్టి కందిపప్పు అని అడిగి కొనుక్కుపోయే ముసలివాళ్లు ఉన్నారు. విత్తనం గింజను మాత్రం గుమ్మిలో పోయరు. మక్క కంకులు, జొన్న కంకులు పొయ్యి పైన దూలానికి వేలాడదీస్తారు. రోజూ రెండు పూటలా పొగ తగులుతుంది, పురుగు దగ్గరికి రాదు.

మైదానం ఊళ్లలో, ముఖ్యంగా కరీంనగర్ వైపు, పెద్ద రైతులకు జొన్న పాతర ఉండేది. ఎత్తైన గట్టి నేల చూసి, ఇంత లోతు గొయ్యి తీసి, గోడలకు గడ్డి పేర్చి, జొన్నలు నింపి, పైన మళ్లీ గడ్డి, ఆపైన మట్టి మూత. లోపలి గింజలు ఊపిరి పీల్చి ఉన్న గాలిని ఖర్చు చేసేస్తాయి, బొగ్గుపులుసు వాయువు నిండుతుంది, పురుగు బతకదు. పాతర తెరిచినప్పుడు వెంటనే దిగకూడదని పెద్దలు గట్టిగా చెప్పేది ఇందుకే. ముందు దీపం దించి చూసేవాళ్లు. దీపం ఆరిపోతే మనిషి దిగడానికి వీల్లేదు. సైన్సు పాఠంలో పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ మాకు దొరకలేదు.

ఇప్ప చెట్టు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. మన తిండి చరిత్రలో అందరికంటే ఎక్కువ మాట పడ్డది ఈ చెట్టే.

ఫాల్గుణం చివర్లో, చైత్రంలో తెల్లవారుజామున పువ్వు రాలుతుంది. పొద్దెక్కితే పువ్వు వాడి చీమలు పడతాయి కాబట్టి చీకటితోనే చెట్ల కిందికి పోవాలి. ఇంటిల్లిపాదీ పోతారు. కొత్త పువ్వును ముందు దేవునికి పెట్టి తర్వాతే తినడం ఆచారం. మన కొత్తల పండుగలన్నిటికీ ఇదే పద్ధతి: పేన్‌కు పెట్టనిది నోట పెట్టరు. కాయ ముదరకముందే తెంపడం, పువ్వు పూర్తిగా రాలకముందే కొమ్మ దులపడం ఈ కట్టుబాటు వల్ల ఆగేవి. ఏరిన పువ్వును శుభ్రం చేసిన నేల మీద పరిచి, ఎండలో గలగలమనేదాకా ఎండబెడతారు. ఎండిన పువ్వులో సగానికి పైగా చక్కెరే. చక్కెర అంత ఉంటే సూక్ష్మక్రిములు పెరగవు, అందుకే ఏడాది నిలుస్తుంది. ఒకటే ఇబ్బంది, అది గాలిలోని తడిని పీల్చుకుంటుంది. అందుకని వానకాలం దాన్ని మూతి కట్టిన కుండలో పోసి పొయ్యికి దగ్గరగా అటక మీద పెడతారు.

ఆ కుండ తెరిచేది ఎప్పుడు? ఆషాఢం, శ్రావణంలో. దున్నడం, విత్తడం, కలుపు తీయడం అన్నీ ఒక్కసారి మీద పడి ఒంటికి బలం కావలసిన నెలలవి. గుమ్మిలో జొన్నలు అడుగంటేదీ అప్పుడే. అప్పుడు పువ్వును ఉడకబెట్టి గుడాల్లో కలుపుకునేవాళ్లు, పిండిలో కలిపి రొట్టె చేసేవాళ్లు, నువ్వులతో దంచి ముద్దలు చేసేవాళ్లు. జ్యేష్ఠంలో వచ్చే ఇప్ప గింజల నుంచి నూనె తీసేవాళ్లు. ఆ నూనె చలికాలం పేరుకుంటుంది, వంటకూ దీపానికీ ఒంటికీ అదే. అంటే పువ్వు నుంచి చక్కెర, గింజ నుంచి కొవ్వు, రెండూ ఒక్క చెట్టు నుంచి, రెండూ చల్లదనం అవసరం లేకుండా నిల్వ ఉండేవి.

ఇంత తిండి పెట్టే చెట్టును సర్కారు కాగితాలు సారా చెట్టుగానే చూశాయి. 1892లో బొంబాయి ప్రభుత్వం ఇప్ప పువ్వు మీద ఏకంగా ఒక చట్టమే చేసింది. దాని ప్రకారం కొన్ని జిల్లాల్లో అనుమతి లేకుండా పువ్వును ఏరడం, నిల్వ పెట్టుకోవడం నేరం. సారా కాయకుండా ఆపడం ఒక సాకు, ఆబ్కారీ రాబడి కాపాడుకోవడం అసలు సంగతి. మన వైపు కూడా ఆబ్కారీ మనుషుల భయం పెద్దలందరికీ తెలిసిందే. సారా కాయలేదని మనం అబద్ధం చెప్పనక్కర్లేదు. పండుగలకు, పెళ్లికి, చావుకు కాచాం, దేవునికి ధార పోశాం. కానీ బియ్యంతో కల్లు కాచే దేశాల్లో బియ్యాన్ని ఎవరూ మత్తు పదార్థం అనలేదు. ఇప్ప పువ్వు తెస్తే చూసినవాళ్లు నవ్వుతారని మన పిల్లలే సిగ్గుపడే రోజు వచ్చిందంటే, ఆ సిగ్గు బయటి నుంచి వచ్చి చేరిందే.

కూరల నిల్వకు ఎండే ఆధారం. వంకాయ, కాకర, బెండ, మామిడి కోసి ఎండబెడితే ఒరుగులు. పుంటికూర, చింతచిగురు, శనగాకు ఎండబెట్టి నలిపి మూట కడితే వానకాలం మొత్తం కూరకు లోటు ఉండదు. శనగాకు మహారాష్ట్ర సరిహద్దు వైపు ఎక్కువ. లేత ఆకు గిల్లితే మొక్క గుబురుగా పెరుగుతుంది, కూరా వస్తుంది, శనగా ఎక్కువ కాస్తుంది. వానలు మొదలైన పది రోజులకు తుమ్మికూర, చెంచలికూర, పొనగంటి పుట్టుకొస్తాయి కాబట్టి అప్పుడు ఎండుకూర పక్కన పెట్టి పచ్చికూర తింటారు. వెదురు కొమ్ములు, పుట్టగొడుగులు కూడా అప్పుడే. ఎక్కువ దొరికితే వాటినీ ఎండబెడతారు. ఉసిరికాయలు ఎండబెట్టినా వాటిలోని సి విటమిన్ చాలావరకు నిలుస్తుంది. మిగతా ఆకుల్లో అది ఎండకు పోతుంది. అందుకే ఆకులను నేరుగా ఎండలో కాక నీడలో ఆరబెట్టమని మేము పిల్లల తల్లులకు చెబుతుంటాం. నీడలో ఆరినదానికి రంగూ నిలుస్తుంది, ఎ విటమిన్‌కు పనికొచ్చే పదార్థమూ కొంత మిగులుతుంది.

మాంసం నిల్వకు రెండు దారులు. మొదటిది పంచడం. వేటలో ఒక అడవిపంది పడితే గూడెమంతటికీ వాటాలు పోయేవి. రేపు పక్కింటివాళ్లకు దొరికినప్పుడు మన వాటా మనకొస్తుంది. ఈరోజు దాచలేనిదాన్ని పక్కింట్లో దాచినట్టే లెక్క. రెండోది తునకలు కోసి, ఉప్పు పసుపు పట్టించి, దండెం మీద ఎండబెట్టి, పొయ్యి మీద పొగ చూపించడం. వేట ఇప్పుడు లేదు. 1972 వన్యప్రాణి చట్టం వచ్చింది, 1965 నుంచి అభయారణ్యంగా ఉన్న కవ్వాల్ 2012లో పులుల రిజర్వ్ అయింది. మేక, గొర్రె మాంసం తునకలు మాత్రం ఇప్పటికీ ఎండబెడుతున్నారు. ఎండుచేపలు గోదావరి, కడెం వైపు నుంచి అంగళ్లకు వస్తాయి. ముళ్లతో సహా నమిలే చిన్న చేపల్లో ఉన్నంత కాల్షియం మనం కొనే ఖరీదైన డబ్బాల్లో ఉంటుందని మాకు నమ్మకం లేదు. వీటన్నిటికీ కావలసిన ఉప్పు మాత్రం మన అడవిలో దొరకదు. వెనకటికి బంజారాల ఎద్దుల మీద వచ్చేది.

ఇది మన ఒక్కరి తెలివి కాదు. దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల ఆదివాసులు ఆలుగడ్డను రాత్రి మంచులో గడ్డకట్టించి పగలు ఎండలో పిండి ఏళ్ల తరబడి దాచారు. ఉత్తర అమెరికా ఆదివాసులు ఎండిన మాంసాన్ని దంచి కొవ్వుతో కలిపి ముద్దలు కట్టారు. నైజీరియాలో మొహమ్మద్ బా అబ్బా అనే ఉపాధ్యాయుడు పెద్ద కుండలో చిన్న కుండ పెట్టి మధ్యలో తడి ఇసుక నింపి కూరగాయలు నిల్వ చేసే పద్ధతిని పల్లెలకు పంచినందుకు 2000లో అంతర్జాతీయ పురస్కారం అందుకున్నాడు. మన ఇళ్లలో తడి గోనెసంచి చుట్టిన కుండ అదే సూత్రం మీద పనిచేస్తుంది.

ఇంత చెప్పాక ఒక ప్రశ్న వస్తుంది. ఇన్ని పద్ధతులు తెలిసిన మనవాళ్లు ఆకలితో ఎందుకు పడుకున్నారు? గుమ్మి ఖాళీ కావడానికి కారణం పురుగూ కాదు, ఎలుకా కాదు. నిజాం కాలంలో అడవుల హద్దులు గట్టి చేస్తూ పోయారు. కోలాముల పోడు ఆగింది, రిజర్వు అడవుల్లోపలి గూడేలు లేపేశారు. 1920ల చివర్లో కాజీపేట నుంచి బల్లార్షాకు రైలుమార్గం పూర్తయ్యాక బయటి రైతులు, సాహుకార్లు పెద్ద ఎత్తున వచ్చారు. పట్టా కాగితం లేని గోండు తన నల్లరేగడి చేను పోగొట్టుకుని రాళ్ల నేలకు జరిగాడు. ఆషాఢంలో సాహుకారు దగ్గర నాగు తెచ్చుకుంటే కల్లం దగ్గరే ఒకటికి ఒకటిన్నర కొలిచి ఇవ్వాలి. కల్లంలో కొలిచేశాక గుమ్మిలో పోయడానికి ఏం మిగిలింది? అప్పు తీరకపోతే భగేలాగా బతుకంతా వెట్టి. దాన్ని అదుపు చేయడానికి 1936లో హైదరాబాద్ ప్రభుత్వం నిబంధన తెచ్చిందంటేనే అది ఎంతగా ముదిరిందో తెలుస్తుంది. దాని తర్వాత రెండో ప్రపంచ యుద్ధం, లెవీ ధాన్యం వసూలు.

కుమ్రం భీము జల్, జంగల్, జమీన్ అన్నాడని మనం ఏటా చెప్పుకుంటాం. ఆ మూడు మాటలూ తిండి మాటలే. నీళ్లు లేకపోతే చేపా లేదు, యాసంగి జొన్నా లేదు. అడవి లేకపోతే ఇప్ప పువ్వు, గడ్డలు, గుమ్మి అల్లడానికి వెదురు లేవు. భూమి లేకపోతే కంది లేదు. బాబెఝరీ, జోడేఘాట్ చుట్టూ ఉన్న పన్నెండు గూడేల కోసం ఆయన నిలబడి 1940లో ప్రాణం ఇచ్చాడు. ఆ తర్వాతే నిజాం ప్రభుత్వం ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్‌ను మన దగ్గరికి పంపింది. ఆయన, భార్య బెట్టీ మార్లవాయిలో మనతో ఉన్నారు. ఆయన పుస్తకాల్లో పండుగలు, కథలతో పాటు ఏ నెలలో ఏ పంట, ఏ నెలలో ఏ గడ్డ అన్నది కూడా ఓపికగా రాసి ఉంది. లావోణీ ఖాస్ పద్ధతిలో పట్టాలు ఇప్పించడం, 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం, కేస్లాపూర్ జాతరలో దర్బారు ఇవన్నీ ఆ కాలంలోవే. ఉట్నూర్ ప్రాంతంలో పనిచేసిన సేతుమాధవరావు పగ్డీ గోండీ నేర్చుకుని మన గురించి పుస్తకం రాశారు. పట్టా చేతికి వచ్చిన ఇంట్లో గుమ్మి మళ్లీ నిండింది. నిల్వ తెలివి ఆ ఇంటి ఆడవాళ్ల దగ్గర ఎప్పుడూ ఉంది. పోయింది, తిరిగి వచ్చింది గింజ.

అట్లాగని పాతకాలం బంగారు కాలమని రాయడం మాకు ఇష్టం లేదు. జొన్న మంచిదే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పట్టికల ప్రకారం నూరు గ్రాముల జొన్నలో సుమారు 10 గ్రాముల మాంసకృత్తులు, 4 మిల్లీగ్రాముల ఇనుము ఉంటాయి. పాలిష్ బియ్యంలో మాంసకృత్తులు 8 గ్రాములకు కాస్త తక్కువ, ఇనుము ఒక మిల్లీగ్రాము కూడా లేదు. కానీ వట్టి జొన్న గట్కతోనే బతికిన పేదవాళ్లలో పెల్లాగ్రా అనే జబ్బు వచ్చేది. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పొలుసులు లేస్తుంది, విరేచనాలు పట్టుకుంటాయి, చివరికి మతి చెదురుతుంది. 1960లలో ఇదే సంస్థలో డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ ఎస్.జి. శ్రీకాంతియా దీని మీద పనిచేశారు. జొన్నలో ల్యూసిన్ ఎక్కువ కావడం ఒక కారణమని వాళ్లు వాదించారు. పప్పు, ఆకుకూర, ఎండుచేప పక్కన ఉన్న ఇంట్లో ఈ జబ్బు భయం తక్కువ. సాహుకారు కందులు కూడా కొలుచుకుపోయిన ఇంట్లో ఎక్కువ. మన పెద్దలు జొన్న సాళ్ల మధ్య కంది పెట్టింది ఊరికే కాదని దీన్నిబట్టి అనిపిస్తుంది.

1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చింది. దీన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లు ఆషాఢం ఆకలి చూడనివాళ్లు. ఆ బియ్యం వచ్చాక నాగు కోసం సాహుకారు గడప ఎక్కడం తగ్గింది. అది పెద్ద మేలు. కానీ దానితోపాటు జొన్న దంచడం, విసరడం కష్టమనిపించి మెల్లగా పక్కకు జరిగింది. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక కొన్నేళ్లలోనే ఆదిలాబాద్ చేన్లు తెల్లబడ్డాయి. పత్తిలో కంది సాళ్లు కొన్ని మిగిలాయి, మినుము, సామ పోయాయి. దీపావళి దాటాక ఇప్పుడు మన ఇళ్లలోకి పోయి చూడండి: గుమ్మి ఉండే మూలలో పత్తి కుప్ప ఉంటుంది. మంచాలు బయటికి వస్తాయి, పిల్లలు పత్తి మీదే పడుకుంటారు. పత్తి అమ్మిన డబ్బుతో నూనె ప్యాకెట్, బియ్యం, కుర్కురే కొంటాం. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. హైదరాబాద్ దుకాణంలో జొన్నపిండి ధర చూస్తే మన ముత్తవ్వలు నవ్వి ఉండేవాళ్లు.

హాస్టల్‌లో ఉండే మాకు ఈ చరిత్ర పుస్తకంలోది కాదు, రోజూ ఎదురయ్యేది. కడుపు నిండే తిండి ఇప్పుడు ఉంది. 2015 నుంచి హాస్టళ్లకు సన్నబియ్యం వస్తున్నాయి, 2024 డిసెంబర్‌లో డైట్ చార్జీలు పెంచి ఒకే మెనూ పెట్టారు, గుడ్డు ఉంది. అయినా ఆడపిల్లల్లో చాలామంది కళ్ల రెప్పలు తిప్పి చూస్తే తెల్లగా ఉంటాయి. వానకాలంలో మా ఫ్రిజ్‌కు, బీరువాకు తేడా ఉండదు. కాబట్టి మేము ఫ్రిజ్ లేదనుకునే వంట ప్లాన్ చేసుకుంటాం. రోడ్డు తెగే నెలలకు ముందే పల్లీలు, నువ్వులు, బెల్లం, శనగలు, పెసలు, అలసందలు డబ్బాల్లో నింపుకుంటాం. కూరగాయలు లేని రోజు పెసలు మొలకెత్తించి నిమ్మకాయ పిండితే సి విటమిన్ అక్కడే పుడుతుంది, పప్పులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. గుడ్లు కడగకుండా, చల్లని గదిలో, వారానికి సరిపడా మాత్రమే ఉంచుతాం. నీళ్లలో వేస్తే తేలిన గుడ్డు పారేయడమే. పాలు తోడుపెట్టేస్తాం, పెరుగు పులిస్తే సల్ల, సల్ల మిగిలితే మజ్జిగపులుసు. వండిన కూర రాత్రికి దాచడం మాత్రం లేదు. మన ఇళ్లలో సద్ది తినే అలవాటు ఉంది, అది మంచి అలవాటే. కానీ అది అంబలి, గంజి లాంటి పులిసిన వాటికి చెల్లుతుంది. పులుపులో చెడ్డ క్రిములు పెరగవు. మధ్యాహ్నం వండిన పప్పుకు, మాంసం కూరకు, కోడిగుడ్డు పులుసుకు ఆ రక్షణ లేదు. పెద్దలకు ఈ తేడా తెలుసు, మన తరానికి వచ్చేసరికి రెండూ కలిసిపోయాయి.

ఈ మధ్య ఒక మంచి మార్పు వచ్చింది. ఉట్నూర్ ఐటీడీఏ పరిధిలో ఆదివాసీ మహిళల సహకార సంఘం ఇప్ప పువ్వును పల్లీలు, నువ్వులు, బెల్లంతో కలిపి లడ్డూలు చేస్తోంది, అవి ఆశ్రమ పాఠశాలల ఆడపిల్లలకు కూడా అందుతున్నాయి. ఇక్రిశాట్ సాయంతో గిరిపోషణ పేరున జొన్న, పప్పుధాన్యాలతో చేసిన తిండి అంగన్‌వాడీలకు వచ్చింది. లడ్డూ తింటే వారంలో రక్తం పడుతుందని ప్రచారం చేసేవాళ్లతో మేము ఏకీభవించం. పువ్వు ముఖ్యంగా శక్తినిచ్చేది, ఇనుము నువ్వుల వల్ల, మాంసకృత్తులు పల్లీల వల్ల వస్తాయి. కానీ తన అవ్వ ఏరిన పువ్వు స్కూల్లో ప్లేటులోకి వచ్చినప్పుడు పిల్ల ముఖంలో సిగ్గు ఉండదు. అది ఏ పట్టికలోనూ రాసి ఉండదు.

నాగోబా జాతరకు మెస్రం వంశంవాళ్లు గోదావరి నీళ్లు కాలినడకన తెస్తారని, సిరికొండ కుమ్మరులు ఆ పూజకు కుండలు చేస్తారని, 22 పొయ్యిల మీదే వంశమంతా వండుకుంటారని మనందరికీ తెలుసు. పుష్యమాసపు చలిలో అన్నివేల మందికి ఏ చల్లటి పెట్టె లేకుండా వంట నడుస్తుంది. జాతరకు వచ్చే పెద్దమనుషులను దర్బారులో భూమి గురించి, రోడ్ల గురించి అడిగినట్టే, అవ్వలను పక్కకు కూర్చోబెట్టి సామ విత్తనం ఎవరింట్లో ఉంది, పచ్చజొన్న ఎవరు వేస్తున్నారు, ఏ గడ్డను ఎన్నిసార్లు ఉడికించి నీళ్లు పారబోయాలి అని అడిగి రాసుకునే పని మన సంఘం తీసుకోవచ్చు. కొన్ని అడవి గడ్డలు సరిగ్గా ఉడకకపోతే నోరు దురద పెడతాయి, కొన్ని విషం కూడా. ఆ లెక్క తప్పు రాసుకుంటే ప్రమాదం కాబట్టి తినేవాళ్ల దగ్గరే రాసుకోవాలి.

మా హాస్టల్‌కు సంక్రాంతి సెలవుల నుంచి వచ్చేటప్పుడు పిల్లల సంచుల్లో ఒరుగులు కొన్ని వస్తాయి. వంకాయవి ఎక్కువ, టమాటవి కొంచెం, ఈమధ్య ఇప్ప పువ్వు కూడా. విరిచి చూసి, విరిగితే డబ్బాలో పోస్తాం, వంగితే మళ్లీ డాబా మీద ఎండకు పెడతాం. శనగాకు మాత్రం రావడం లేదు. శనగ వేసే చేన్లు తగ్గాయి, ఉన్నచోట మందు కొడుతున్నారు కాబట్టి ఆకు గిల్లొద్దని ఇళ్లలో చెబుతున్నారు.